పరీక్ష ఎవరికి? కులం కథగా వచ్చిన కొన్ని సినిమాలపై చిన్న అభిప్రాయాలు

సినిమా గురించి మాట్లాడితే మన సభల్లో ఇప్పటికీ కొందరు మిత్రులు విసుక్కుంటారు. భూమి గురించి, రిజర్వేషన్ల గురించి, దాడుల గురించి మాట్లాడాల్సిన చోట ఈ సినిమా గోల ఏమిటంటారు. కానీ పుస్తకం చేరని ఇంటికి కూడా సినిమా చేరింది. ఒకప్పుడు టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు మీద చేరింది, ఇవాళ సెల్‌ఫోన్‌లో చేరుతోంది. తన గురించి లోకం ఏమనుకుంటోందో వాడపిల్లవాడు తెర మీదే ముందు నేర్చుకుంటున్నాడు. వాడి పక్క బెంచీలో కూర్చున్న అగ్రకుల పిల్లవాడు కూడా మన గురించి అక్కడే నేర్చుకుంటున్నాడు. కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోలేం.

కులం మీద తీసినంత మాత్రాన అది మన సినిమా అయిపోదు. సినిమా చూసేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఈ కథలో పరీక్ష ఎవరికి పెట్టారు? దళితుడు తానూ మనిషినేనని రుజువు చేసుకోవాలా, లేక అతన్ని మనిషిగా చూడనివాళ్లు జవాబు చెప్పుకోవాలా? ఈ ప్రశ్న పట్టుకుని 1936 నుంచి 2021 దాకా వచ్చిన కొన్ని సినిమాలను చూద్దాం. ఇది పూర్తి జాబితా కాదు. హాస్టళ్లలో, వాడల్లో ప్రదర్శనలు పెట్టే కార్యకర్తలకూ, పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకూ పనికొస్తాయనుకున్న వాటినే తీసుకున్నాను.

అఛూత్ కన్య (హిందీ, 1936): బాంబే టాకీస్ సినిమా. దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ జర్మనీవాడు. రైల్వే గేటు కాపలాదారు కూతురు కస్తూరి, బ్రాహ్మణుల అబ్బాయి ప్రతాప్ ఒకరినొకరు ఇష్టపడతారు. కులం అడ్డొస్తుంది. ఇద్దరికీ వేరే పెళ్లిళ్లవుతాయి. చివరికి గేటు దగ్గర మగవాళ్లు కొట్టుకుంటుంటే, ప్రమాదం తప్పించబోయి కస్తూరి రైలు కింద పడి చనిపోతుంది. ఆమె త్యాగానికి అందరూ దండం పెడతారు. బతికున్నప్పుడు దగ్గరికి రానివ్వని పిల్లకు చచ్చాక దండం పెట్టడం మనకు కొత్త కాదు. కస్తూరి వేషం వేసిన దేవికారాణి ఠాగూర్ కుటుంబానికి బంధువు. దాదాపు ఆ కాలంలోనే తిరువనంతపురంలో 'విగతకుమారన్' అనే మలయాళ మూగచిత్రంలో పి.కె. రోజీ అనే దళిత యువతి నాయర్ స్త్రీగా నటిస్తే, ఆమెను ఊళ్లోనే ఉండనివ్వకుండా తరిమేశారు. అగ్రకుల నటి అంటరాని పిల్ల వేషం వేస్తే కళ అయింది. దళిత నటి నాయర్ వేషం వేస్తే నేరమైంది.

మాలపిల్ల (తెలుగు, 1938): గూడవల్లి రామబ్రహ్మం దర్శకుడు, కథ చలం, మాటలు తాపీ ధర్మారావు. పూజారి కొడుకు నాగరాజు మాలపిల్ల శంపాలతను ప్రేమిస్తాడు. ఇంకోపక్క ఆలయ ప్రవేశం కోసం గొడవ నడుస్తుంటుంది. ఆ రోజుల్లో ఈ పేరు పెట్టి సినిమా తీయడమే ధైర్యం, అది ఒప్పుకోవాలి. కాంచనమాల మాలపిల్లగా కనపడితే జనం విరగబడి చూశారు. కానీ పూజారి మనసు ఎప్పుడు మారింది? మంటల్లో చిక్కుకున్న తన భార్యను ఒక హరిజనుడు కాపాడాక. అంటే గుళ్లోకి పోయే హక్కు కోసం ముందు ప్రాణం పణంగా పెట్టి అర్హత చూపించుకోవాలి. ఇంకొక సంగతి. ఈ సినిమా తీసిన సారథి సంస్థకు చల్లపల్లి జమీందారు అండ ఉంది. గుడి తలుపులు తెరవమని గట్టిగా అడిగిన సినిమా, మాలలకు భూమి ఎందుకు లేదని మాత్రం అంత గట్టిగా అడగలేదు.

సుజాత (హిందీ, 1959): బిమల్ రాయ్ సినిమా. అనాథ అయిన అంటరాని పిల్లను బ్రాహ్మణ కుటుంబం పెంచుతుంది. పెంచిన తల్లి ఆమెను అందరికీ 'కూతురు' అని కాక 'కూతురులాంటిది' అని పరిచయం చేస్తుంటుంది. ఆ 'లాంటిది' అనే మాట దగ్గర నూతన్ ముఖం చూడండి, సినిమా మొత్తం అక్కడుంది. కానీ ముగింపులో మళ్లీ అదే పాత పరీక్ష. తల్లికి రక్తం కావాలి, సుజాత రక్తం సరిపోతుంది, అప్పుడు ఆమె కూతురవుతుంది. రక్తం కలవకపోయి ఉంటే? ఈ ప్రశ్న క్లాసులో వేయండి, పిల్లలు బాగా మాట్లాడతారు.

పై మూడు సినిమాలూ మంచి ఉద్దేశంతోనే తీశారు. మూడింటిలోనూ దళితుల వైపు నుంచి ఎవరో ఒకరు పైకులం వాళ్ల ప్రాణం కాపాడాలి, లేదా ప్రాణం ఇవ్వాలి. దీన్నే సంస్కరణ సినిమా అనవచ్చు.

చోమన దుడి (కన్నడ, 1975): శివరామ కారంత్ నవల, బి.వి. కారంత్ దర్శకత్వం. ఆ ఏడాది జాతీయ ఉత్తమ చిత్రం. చోముడి దగ్గర ఎడ్లున్నాయి, దున్నడానికి చారెడు నేల లేదు. అంటరానివాడికి నేల ఇవ్వకూడదని ఊరి కట్టు. కొడుకు నీళ్లలో మునిగిపోతుంటే గట్టు మీదున్నవాళ్లు ముట్టుకోకూడదని చూస్తూ నిలబడతారు. ఇక్కడ లెక్క తిరగబడింది. కాపాడాల్సినవాళ్లు అగ్రకులాల వాళ్లు, తప్పిందీ వాళ్లే. చివరికి చోముడికి మిగిలింది డప్పు ఒక్కటే. నిస్సహాయత ఎక్కువైన మాట నిజమే గానీ, అంటరానితనానికీ భూమికీ ఉన్న ముడిని ఇంత స్పష్టంగా చూపినవి తక్కువ.

ఒక ఊరి కథ (తెలుగు, 1977): మృణాల్ సేన్ తెలుగులో తీసిన సినిమా. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథకు ఆధారం. చోముడిగా చేసిన వాసుదేవరావే ఇందులో వెంకయ్య. పని చేస్తే లాభపడేది దొర అయినప్పుడు నేనెందుకు చెయ్యాలని వెంకయ్య వాదన. అది తిరుగుబాటేనని కొందరంటారు. కానీ ఇంట్లో కోడలు నీలమ్మ పురిటి నొప్పులతో చస్తుంటే తండ్రీ కొడుకులు పట్టనట్టుండటం మనకు మింగుడుపడదు. మూల కథలో వాళ్లు చమార్లు. దళితులను ఇంత సోమరులుగా, ఇంత రాతి గుండెవాళ్లుగా చూపాలా అని హిందీ దళిత రచయితలు ప్రేమ్‌చంద్‌ను నిలదీశారు. ఆ ప్రశ్న ఈ సినిమాకూ తగులుతుంది. మమతా శంకర్ చేసిన నీలమ్మ ఒక్కతే ఆ ఇంట్లో పనిచేసే మనిషి. ఆమె వైపు నుంచి చూస్తే కథ మారిపోతుంది.

సద్గతి (హిందీ, 1981): ఇదీ ప్రేమ్‌చంద్ కథే. సత్యజిత్ రాయ్ దూరదర్శన్ కోసం తీశాడు. గంటకన్నా తక్కువ నిడివి. హాస్టల్లో రాత్రి భోజనాల తర్వాత వేయడానికి ఇంతకన్నా మంచి సినిమా నాకు తెలీదు. కూతురి పెళ్లి మాటలకు ముహూర్తం పెట్టించుకుందామని దుఖీ పంతులు ఇంటికి పోతాడు. జ్వరం నుంచి ఇంకా కోలుకోలేదు, కడుపులో ఏమీ లేదు. పంతులు ఇల్లు ఊడవమంటాడు, కట్టెలు కొట్టమంటాడు. దుఖీ ఆ మొద్దు పక్కనే పడి చనిపోతాడు. శవం ఎత్తడానికి తోలు పనివాళ్లెవరూ రారు. ఇప్పుడు పరీక్ష పంతులుది. ముట్టుకోకుండా శవాన్ని ఎలా తీయాలి? తెల్లవారుజామున కాలికి తాడు వేసి, పశువును లాగినట్టు లాక్కెళ్లి పారేస్తాడు. తిరిగొచ్చి ఆ చోట నీళ్లు చల్లి శుద్ధి చేస్తాడు. సినిమాలో ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. పంతులు మామూలు మనిషే, రాక్షసుడేం కాదు. అందుకే భయం వేస్తుంది. ఓంపురి గొడ్డలి దెబ్బల్లో ఉన్న కోపం మాత్రం మొద్దు మీదే తీరిపోతుంది, మనిషి మీదికి రాదు. దీని హద్దు అదే.

సప్తపది (తెలుగు, 1981): కె. విశ్వనాథ్ సినిమా. బ్రాహ్మణ అమ్మాయి హేమ, వేణువు ఊదే హరిజన యువకుడు హరిబాబును ఇష్టపడుతుంది. చివరికి తాతగారు యాజులు ఆలోచించి, ఊరిని ఎదిరించి ఆమెను అతనితో పంపిస్తాడు. సోమయాజులు నటన గొప్పదే. కానీ బాధ తాతగారిది, నిర్ణయం తాతగారిది, గొప్పతనమూ తాతగారిదే. హరిబాబు సౌమ్యంగా వేణువు ఊదుకుంటూ ఎదురుచూడాలి. అతను కోపిష్ఠివాడో, పాట రానివాడో అయితే ఆ తాతగారు ఒప్పుకునేవాడా?

స్వయంకృషి (తెలుగు, 1987): అదే దర్శకుడు. చిరంజీవి చెప్పులు కుట్టే సాంబయ్యగా వేశాడు. అంత పెద్ద హీరో ఆరె పట్టుకుని కూర్చోవడం మన వాళ్లకు సంతోషం కలిగించిన మాట నిజం. అయితే కష్టపడితే ఎవరైనా పైకొస్తారని సినిమా నీతి. తరతరాలుగా కష్టపడుతూనే ఉన్న మాదిగవాడలు ఎందుకు పైకి రాలేదో ఈ నీతి చెప్పదు. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి. ఈ సినిమా ఆ రెండింటి మధ్య వచ్చిందని గుర్తుపెట్టుకుని చూడాలి.

దాసి (తెలుగు, 1988): బి. నర్సింగరావు సినిమా. తెలంగాణ గడీలో దాసి కమలాక్షి. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. మాటలు తక్కువ, పని ఎక్కువ. కడగడం, మోయడం, పిలిస్తే పోవడం. ఆడమనిషి శ్రమా ఒళ్లూ రెండూ దొర సొత్తే అన్న సంగతి ఆ మౌనంలోనే అర్థమవుతుంది. సాయుధ పోరాటం మీద వచ్చిన 'మా భూమి' (1979) గడీని బయటి నుంచి కొట్టింది. 'దాసి' లోపలి గదులు చూపింది. రెండూ వెంటవెంటనే చూడాలి.

బాండిట్ క్వీన్ (హిందీ, 1994): శేఖర్ కపూర్ సినిమా. ఠాకూర్ల అత్యాచారాలను దాచకుండా చూపిందని చాలామంది మెచ్చుకున్నారు. కానీ బతికున్న ఫూలన్‌దేవి, తన మీద జరిగిన ఘోరాన్ని తన అంగీకారం లేకుండా తెరకెక్కించారని కోర్టుకెక్కింది. తర్వాత రాజీ కుదిరింది గానీ ప్రశ్న తీరలేదు. మన గాయం మీద హక్కు ఎవరిది? వాడల్లో దాడుల ఫోటోలు తీసేవాళ్లు, వీడియోలు పెట్టేవాళ్లు కూడా ఈ ప్రశ్న వేసుకోవాలి.

డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ (ఇంగ్లీషు, 2000): జబ్బార్ పటేల్ దర్శకత్వం, మమ్ముట్టి అంబేడ్కర్. ప్రభుత్వ డబ్బుతో తీసినా మెత్తబడలేదు. మహద్ చెరువు, పూనా ఒడంబడిక ఘట్టాలు విద్యార్థులకు తప్పక చూపించాలి. అందులో గాంధీ దేవుడు కాదు, అవతలి పక్షం నాయకుడు. అంతవరకు మన పాఠ్యపుస్తకాలు కూడా పోలేదు.

ఫాండ్రీ (మరాఠీ, 2013): ఇక్కడి నుంచి కెమెరా పట్టుకున్న చెయ్యి మారింది. నాగరాజ్ మంజులే దళిత కుటుంబంలో పుట్టినవాడు. ఫాండ్రీ అంటే కైకాడీల భాషలో పంది. జబ్యా బళ్లో చదువుకుంటాడు, పైకులం పిల్ల శాలును చూసి మురిసిపోతుంటాడు. ఊరి కోసం తన కుటుంబం పందులు పడుతున్న సంగతి ఆ పిల్ల కంట పడకూడదని వాడి ఆరాటం. పందిని పట్టబోయే క్షణంలో బడి నుంచి జాతీయగీతం వినపడుతుంది. ఇంటిల్లిపాదీ కదలకుండా నిలబడతారు, పంది పారిపోతుంది. చంపిన పందిని కర్రకు కట్టి మోసుకుపోతుంటే వెనక గోడ మీద అంబేడ్కర్, ఫూలే, సావిత్రీబాయి బొమ్మలు. చివర్లో జబ్యా విసిరిన రాయి నేరుగా కెమెరా మీదికి, అంటే చూస్తున్న మన మీదికి వస్తుంది. 'సద్గతి'లో మొద్దు మీద తీరిపోయిన కోపం ముప్పై ఏళ్లకు మనిషి వైపు తిరిగింది.

సైరాట్ (మరాఠీ, 2016): మంజులేదే. పాటీల్ కూతురు ఆర్చీ, చేపలు పట్టేవాళ్ల అబ్బాయి పర్ష్యా లేచిపోయి మన హైదరాబాదుకే వస్తారు. మురికివాడలో గది, ఫ్యాక్టరీలో పని, కొట్లాటలు, సర్దుకోవడం. పట్నంలో కులం ఉండదని వాళ్లూ నమ్మారు, మనమూ నమ్ముతాం. ఒకరోజు అన్న, చుట్టాలు పుట్టింటి సారె పట్టుకుని వస్తారు. తర్వాత తెర మీద శబ్దం ఉండదు. పసివాడి రక్తపు అడుగులు మాత్రం కనపడతాయి. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి గేటు ముందు, గర్భవతి అయిన భార్య కళ్లెదుటే దళిత యువకుణ్ణి నరికినప్పుడు ఈ సినిమా చూసినవాళ్లందరికీ ఆ అడుగులు గుర్తొచ్చి ఉంటాయి.

పరియేరుమ్ పెరుమాళ్ (తమిళం, 2018): మారి సెల్వరాజ్ తొలి సినిమా, నిర్మాత పా. రంజిత్. తిరునల్వేలి లా కాలేజీలో చేరిన దళిత కుర్రాడి కథ. ఇంగ్లీషు రాక పడే అవమానం మన హాస్టల్ విద్యార్థులకు వేరే చెప్పక్కర్లేదు. ఆడవేషం కట్టే తండ్రిని కాలేజీ కుర్రాళ్లు బట్టలూడదీసి తరిమే దృశ్యం చూడలేం. చివర్లో అమ్మాయి తండ్రితో మాట్లాడుతూ, మీరు మీలాగే ఉన్నంతకాలం ఏదీ మారదని హీరో చాలా మర్యాదగా చెబుతాడు. చివరి దృశ్యంలో రెండు టీ గ్లాసులు పక్కపక్కన. రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడిన మన ఊళ్లలో ఈ బొమ్మకు వివరణ అవసరం లేదు.

పలాస 1978 (తెలుగు, 2020): కరుణ కుమార్ సినిమా. శ్రీకాకుళం యాస, జీడిపప్పు ఊరు, షావుకార్ల పెత్తనం, ఆడిపాడే దళిత అన్నదమ్ములు. మన భాషలో మనవాడే కథానాయకుడు కావడం పెద్ద సంగతి. కత్తుల గోల కొంత ఎక్కువైంది. అయినా వాళ్లను వాడుకుని వదిలేసే రాజకీయం బాగా పట్టుకున్నాడు.

లవ్ స్టోరీ (తెలుగు, 2021): శేఖర్ కమ్ముల సినిమా. ఆర్మూరు దళిత క్రైస్తవ కుర్రాడు రేవంత్, అగ్రకుల అమ్మాయి మౌనిక. తల్లిగా ఈశ్వరీరావు నిజమైన మనిషిలా ఉంది. సగం దాకా కథ సరైన దారిలోనే నడిచింది. తర్వాత చెడ్డతనమంతా అమ్మాయి బాబాయి మీదికి పోయింది. అతను పోగానే కథ తీరిపోయింది. ఒక దుర్మార్గుడు చచ్చినంత మాత్రాన కులం చావదు గదా! అయినా పెద్ద హీరో తెర మీద ఆ కులంవాడిగా కనపడటం తెలుగులో ఇంకా అరుదు కాబట్టి దీన్ని కొట్టిపారేయను.

జై భీమ్ (తమిళం, 2021): 1993 నాటి లాకప్ డెత్ కేసు ఆధారం. జైలు గేటు దగ్గర కులం అడిగి కొందరిని ఇంటికి, కొందరిని కొత్త కేసుల్లోకి పంపే మొదటి దృశ్యం ఒక్కటే ఒక పాఠం. గెలిపించేది లాయరు చంద్రు. కాబట్టి మళ్లీ రక్షకుడి కథేనన్న విమర్శలో పస ఉంది. కానీ పోలీసులు ఇవ్వజూపిన డబ్బును కాదన్నది గర్భవతి అయిన సెంగెణి. నిర్ణయం ఆమెది. ఆ తేడా గమనించాలి.

ఈ ఎనభై అయిదేళ్లలో మన పాత్రలు చచ్చి మెప్పు పొందే దశ నుంచి, బతికి నిలదీసే దశకు వచ్చాయి. అది ఎవరి దయా కాదు. కెమెరా, కలం మన పిల్లల చేతికి కొంతైనా వచ్చాక జరిగిన మార్పు. తమిళ, మరాఠీ భాషల్లో వచ్చినంత తెలుగులో ఇంకా రాలేదు.

కార్యకర్త మిత్రులకు ఒక సూచన. ఏ సినిమా వేసినా అయిపోగానే దీపాలు వేసి జనాన్ని పంపించేయకండి. అరగంట కూర్చోబెట్టి మూడు సంగతులు అడగండి. కథ మలుపు తిరిగినచోట నిర్ణయం ఎవరు తీసుకున్నారు? వాడ తెర మీద ఎంతసేపు కనపడింది, అక్కడ మనుషులు ఏడవడం కాక ఇంకేం చేశారు? పరీక్ష ఎవరికి పెట్టారు? జవాబులను ఒక నోటుబుక్కులో రాయించండి. రాసే పిల్లల్లో ఒకరిద్దరైనా రేపు కథలు రాస్తారు.