పిలుచుటకు ముందు విచారణ

కంప్యూటరులో వ్రాతపనికి వాడు సాధనమును టెక్స్ట్ ఎడిటరు అందురు. 1976లో అమెరికా దేశమున ఎం.ఐ.టి. అను విద్యాసంస్థలో పుట్టిన ఈమాక్స్ అట్టివానిలో ప్రసిద్ధమైనది. అది పనులన్నిటిని తానే చేయదు. ఆంగ్లమున అక్షరదోషములను పట్టుటకు ఆస్పెల్ వంటి వేఱొక ప్రోగ్రామును పిలుచును.

ఆ ప్రోగ్రాము అన్ని కంప్యూటరులలోను ఉండదు. ఈమాక్స్ తెఱచుకొనునపుడు, మనము వ్రాసియుంచిన ఆదేశములను వరుసగా నెరవేర్చును. వానిలో నొకటి లేని ప్రోగ్రామును పిలిచి దోషముతో ఆగినచో, దాని తరువాతి ఆదేశములన్నియు నిలిచిపోవును. తోడు రాని యొకని కొఱకు ప్రయాణమంతయు ఆగినట్లగును!

కావున పిలుచుటకు ముందే విచారింపవలెను. ఇందులకు ఈమాక్స్‌లో 'ఎగ్జిక్యూటబుల్-ఫైండ్' అను సాధనము కలదు. అది ప్రోగ్రాములుండు తావులను వరుసగా వెదకి, దొరకినచో దాని చోటును, దొరకనిచో 'నిల్' అను జవాబును ఇచ్చును. నిల్ వచ్చినచో ఆ యొక్క పనిని విడిచి, తక్కిన పనులను సాగింపవచ్చును.

అయితే మౌనముగా విడువరాదు. పరీక్షించు ప్రోగ్రాము లేనిచో తెరపై తప్పుల గుర్తులును కానరావు. వ్రాసినవాడు తన వ్యాసము నిర్దోషమని భ్రమపడును. "ఆస్పెల్ లేదు, అక్షరదోషముల పరీక్ష జరుగలేదు" అని స్పష్టముగా తెలుపవలెను. లేనిదానిని లేదని చెప్పుట యంత్రమునకును మర్యాదయే.