ఆటోమేటిక్ కారు, ఒడిలో పసివాడు

పదిపదిహేనేళ్ల క్రితం వరకు ఆటోమేటిక్ కారు మన పట్టణాలలో అరుదైన వస్తువు. 2014లో మారుతి సంస్థ సెలెరియో కారులో ఏఎంటీ అనే చవకైన పద్ధతిని ప్రవేశపెట్టిన తరువాత ఆ పరిస్థితి మారింది. నేడు మధ్యతరగతి కుటుంబాలు సైతం క్లచ్ లేని కారునే ముందుగా అడుగుతున్నాయి. క్లచ్‌కు, గేర్లకు భయపడి డ్రైవింగ్ జోలికి పోని ఎందరో గృహిణులు నేడు స్వయంగా కారు నడుపుతూ పిల్లలను బడికి దింపి వస్తున్నారు. వృద్ధులైన అత్తమామలను ఆసుపత్రికి తీసుకువెళుతున్నారు. ఇది నిజంగా సంతోషించదగిన పరిణామం.

కారు మారింది గాని అందులో పసివాడు కూర్చునే చోటు మాత్రం మారలేదు. ముందు సీట్లో తల్లి ఒడిలోనో, వెనుక సీట్లో నానీ మోకాళ్ల మీదనో, మరీ గారాబమైతే స్టీరింగ్ పట్టుకుని అబ్బా ఒడిలోనో వాడు ప్రయాణిస్తున్నాడు. గేర్లు ఉన్న కారులోనూ ఇది ప్రమాదమే. ఆటోమేటిక్ కారులో ఆ ప్రమాదం మరికొంత పెరుగుతుందని, దాని కారణాలు చాలామంది దృష్టికి రావడం లేదని మా అభిప్రాయం.

మొదటి కారణం ఎడమ కాలు. ఏళ్ల తరబడి క్లచ్ నొక్కడానికి అలవాటుపడిన కాలు ఆటోమేటిక్ కారులో ఖాళీగా ఉంటుంది. కానీ అలవాటు అంత తేలికగా వదలదు. ఎదురుగా ఆటో వచ్చినా, మలుపులో వేగం తగ్గించవలసి వచ్చినా ఆ కాలు తనంతట తానే క్లచ్ కోసం వెదుకుతుంది. ఆటోమేటిక్ కారులో బ్రేకు పెడల్ వెడల్పుగా ఉంటుంది కనుక అది నేరుగా బ్రేకు మీద పడుతుంది. క్లచ్‌ను అడుగు దాకా తొక్కడం నేర్చిన కాలికి సున్నితంగా నొక్కడం తెలియదు. కారు ఒక్క కుదుపుతో నిలిచిపోతుంది. బెల్టు పెట్టుకున్న పెద్దవారికి అది ఒక కుదుపు మాత్రమే. ఒడిలో నిలబడి అద్దంలోనుంచి వీధిని చూస్తున్న రెండేళ్ల పిల్లవాడికి మాత్రం ఎదుట ఉన్నది డాష్‌బోర్డు. అందుకే కొత్తగా ఆటోమేటిక్ నడిపేవారు ఎడమ పాదాన్ని పక్కనున్న పాదపీఠం మీద గట్టిగా ఆనించి ఉంచాలి. బ్రేకుకైనా, యాక్సిలరేటర్‌కైనా కుడి పాదం ఒక్కటే వాడాలి. మొదటి కొన్ని రోజులు ఖాళీ మైదానంలోనో, తెల్లవారుజామున నిర్మానుష్యమైన రోడ్డు మీదనో పిల్లలు లేకుండా నడిపి చూడడం మంచిది. బుర్ఖా ధరించి నడిపే సోదరీమణులు దాని అంచు పెడల్‌ల మీదికి జారకుండా కూర్చోగానే సర్దుకోవాలి. వెనుక పట్టీ లేని చెప్పులతో కన్నా పాదానికి అంటిపెట్టుకుని ఉండే బూట్లతో నడపడమే మేలు.

రెండవది ఎడమ చేయి. గేర్లున్న కారులో ఆ చేతికి పని ఉండేది. ఇప్పుడు ఖాళీ అయింది గనుక దానికి కొత్త పనులు పుట్టుకొస్తున్నాయి. ఏడుస్తున్న బిడ్డకు బిస్కెట్టు అందించడం, పడిన బొమ్మను వెదకడం, చివరికి బిడ్డనే ఒక చేత్తో పొదివిపట్టుకోవడం. గేర్ లివర్ కూడా పసిచేతులకు అందే ఎత్తులోనే ఉంటుంది. చాలా కార్లలో అది 'డి' నుండి 'ఎన్'కు చిన్న తోపుకే జరుగుతుంది. లారీని దాటే సమయంలో బిడ్డ చేయి తగిలి అలా జరిగితే ఇంజను ఎంత అరచినా చక్రాలకు శక్తి అందదు.

'నా చేతుల్లో ఉన్నంత వరకు నా బిడ్డకు ఏమీ కాదు' అని ప్రతి తల్లీ అనుకుంటుంది. ఆమె ప్రేమను శంకించేవారెవరూ లేరు. కానీ ఇక్కడ లెక్క వేరు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు దేనినైనా ఢీకొని క్షణంలో పదోవంతులో ఆగిపోయిందనుకుందాం. అప్పుడు బిడ్డ ముందుకు దూసుకుపోయే బలం వాడి బరువుకు సగటున 14 రెట్లు ఉంటుంది. 10 కిలోల పిల్లవాడిని ఆపాలంటే 140 కిలోల బరువును, అదీ ముందుగా ఏ హెచ్చరికా లేకుండా, పట్టి నిలపగలగాలి. ఏ వస్తాదు చేతులకూ అది సాధ్యం కాదు. అదే వేగాన్ని మరొక విధంగా చెప్పాలంటే, ఇంచుమించు 10 మీటర్ల ఎత్తు నుండి, అంటే మూడంతస్తుల మేడ మీది నుండి, పడినప్పుడు నేలను తాకే వేగం అది. మేడ పిట్టగోడ దగ్గర బిడ్డను నిమిషం కూడా వదలని మనం రోడ్డు మీద అదే ఎత్తును గుర్తించడం లేదు.

ఇక ముందు సీటు సంగతి. నేడు వచ్చే కొత్త కార్లలో ముందున్న రెండు సీట్లకూ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి. అవి బెల్టు పెట్టుకున్న పెద్దల శరీరాన్ని దృష్టిలో ఉంచుకుని రూపొందించినవి. కనురెప్ప మూసి తెరిచేలోపే ఎంతో బలంతో విచ్చుకుంటాయి. ఒడిలో బిడ్డ ఉంటే ఆ సంచికీ తల్లి శరీరానికీ మధ్య నలిగిపోయేది ఆ బిడ్డే. తల్లీబిడ్డలను కలిపి ఒకే బెల్టు చుట్టడం అంతకన్నా తెలివైన పని కాదు. తల్లి బరువంతా బెల్టు మీదుగా బిడ్డ మీదనే పడుతుంది. కాబట్టి పిల్లల చోటు వెనుక సీటు. అది కూడా వారి కొలతకు తగిన చైల్డ్ సీటు.

శిశువును ఆ సీటులో కారు వెనుక వైపుకు ముఖం ఉండేలా ఎందుకు కూర్చోబెడతారో తెలియక చాలామంది నవ్వుతారు. అప్పుడే పుట్టిన శిశువు పొడవులో నాలుగోవంతు తలే ఉంటుంది. ఆ బరువైన తలను మోసే మెడ ఎముకలు ఇంకా గట్టిపడవు. ముందుకు తిరిగి కూర్చున్న శిశువు ఉన్నపళంగా ఆగిన కారులో తల విసురుగా ముందుకు పోయి మెడ దెబ్బతింటుంది. వెనక్కు తిరిగి ఉంటే తల, మెడ, వీపు మొత్తాన్ని సీటు వీపు ఒక్కసారిగా కాచుకుంటుంది. స్వీడన్ దేశపు ఆచార్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ అమెరికా వ్యోమగాములు జెమినీ నౌకలో వీపు ఆనించి పడుకునే ఆసనాలను చూసి ఈ ఆలోచన చేశాడు. 1964లోనే అటువంటి సీటు నమూనాను పరీక్షించారు. ఐరోపాలోని కొత్త నిబంధన ప్రకారం కనీసం 15 నెలలు నిండే వరకు శిశువు వెనక్కు తిరిగే కూర్చోవాలి. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, సీటు మీద రాసిన బరువు, ఎత్తుల పరిమితి దాటే దాకా అలాగే ఉంచమని చెబుతోంది. తరువాత భుజాల పట్టీలున్న, ముందుకు తిరిగే సీటు. ఆపైన, పెద్దల బెల్టు సరిగా అమరేలా పిల్లవాడిని కాస్త ఎత్తులో కూర్చోబెట్టే బూస్టర్. బెల్టు పైభాగం మెడను కోయకుండా భుజం మధ్యగా, కింది భాగం పొట్ట మీద కాక తుంటి ఎముకల మీదుగా వచ్చేంత వరకు బూస్టర్ అవసరం ఉంటుంది. ఇది సుమారు 145, 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చాకనే జరుగుతుంది. పదేళ్ల పిల్లలు సైతం చాలామంది ఈ ఎత్తుకు రారు.

సీటు కొనడం ఒక ఎత్తు, బిగించడం మరొక ఎత్తు. కారు వెనుక సీటు వీపూ పీఠమూ కలిసే చోట రెండు లోహపు కడ్డీలు ఉంటాయి. వీటినే ఐసోఫిక్స్ అంటారు. సీటు కొక్కేలు వాటిలో 'టక్' మని పడాలి. విచిత్రమేమిటంటే, షోరూములో వేలు పోసి కుట్టించిన సీటు కవర్లు చాలా కార్లలో ఈ కడ్డీలను పూర్తిగా కప్పివేస్తున్నాయి. సీటు కవర్లు, అల్లాయ్ చక్రాలు, సుగంధపు సీసా, పెద్ద తెర అన్నీ కొని, చైల్డ్ సీటు దగ్గరికి వచ్చేసరికి 'ఖరీదు' అనే మాట గుర్తుకు రావడం మా దృష్టిలో న్యాయం కాదు. బిగించిన తరువాత బెల్టు లేదా కొక్కేలు ఉన్న చోట పట్టుకుని ఊపి చూడండి. ఒక అంగుళం కన్నా ఎక్కువ కదిలితే బిగింపు చాలదు. బిడ్డ భుజం మీది పట్టీని రెండు వేళ్లతో మడత పట్టడానికి ప్రయత్నించండి. మడత దొరికితే అది వదులుగా ఉన్నట్లే. పండుగనాటి మందపాటి షేర్వానీ మీదనో, చలికాలపు దళసరి స్వెట్టర్ మీదనో పట్టీలు బిగిస్తే లోపల ఖాళీ ఉండిపోతుంది. పైబట్ట తీసి పట్టీలు బిగించి, ఆ తరువాత దానిని మీద కప్పవచ్చు. తెలిసినవారి దగ్గర పాత సీటు తీసుకునేవారు అది మునుపు ప్రమాదానికి గురైందేమో తప్పక విచారించాలి. గురైతే దానిని వాడకూడదు.

ఇంట్లో మొదటి అభ్యంతరం దాదీమా నుండి వస్తుంది. 'ఏం బేటీ, పసిగుడ్డును పట్టీలతో కట్టేస్తారా? మేము ఇంతమందిని ఒళ్లోనే పెట్టుకుని పెంచలేదా?' అని ఆమె కోడలిని అడుగుతుంది. ఆమె మాటలో ప్రేమ ఉంది, అనుభవమూ ఉంది. కానీ ఆ అనుభవం ఎడ్లబండిది, పల్లె బస్సుది. నేటి నాలుగు వరుసల రహదారి వేగం ఆమె చూసినది కాదు. వాదించే కన్నా ఆమెను బిడ్డ పక్కనే వెనుక సీట్లో, ఆమెకూ బెల్టు పెట్టి కూర్చోబెట్టడం మేలు. బిడ్డ చేయి ఆమె చేతిలో ఉంటే ఇద్దరూ నెమ్మదిస్తారు. బిడ్డ పాల కోసం ఏడిస్తే కారును పెట్రోలు బంకు వంటి సురక్షిత స్థలంలో ఆపి పాలివ్వాలి. కదిలే కారులో పట్టీలు విప్పి ఒడిలోకి తీసుకోవడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. శిశువులను ఎడతెగకుండా రెండు గంటలకు మించి సీటులో ఉంచకూడదు కనుక మధ్యలో ఆగడం ఎలాగూ అవసరమే.

ఇప్పుడు కారు ఆగిన తరువాతి మాట. ఆటోమేటిక్ కారు విషయంలో అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. గేరున్న కారు పొరపాటుగా గేరులో ఉండగా క్లచ్ వదిలితే ఒక్క కుదుపుతో ఇంజను ఆగిపోతుంది. ఆటోమేటిక్ అలా ఆగిపోదు. 'డి'లో ఉండి బ్రేకు మీది నుండి కాలు తీస్తే చాలు, మనిషి నడకంత వేగంతో తనంతట తానే ముందుకు పాకుతుంది. 'ఆర్'లో ఉంటే అలాగే వెనక్కు. బిడ్డను దింపడానికి, గేటు తీయడానికి 'ఒక్క క్షణమే కదా' అని ఇంజను ఆపకుండా దిగేవారు ఈ సంగతి మరచిపోతున్నారు. 'పి'లో పెట్టినప్పుడు గేర్‌బాక్సులో ఒక చిన్న లోహపు పన్ను పళ్లచక్రం గాడిలోకి దిగి చక్రాలను కదలనివ్వదు. ఆ చిన్న పన్ను మీదనే కారు బరువంతా మోపకూడదు. ముందు బ్రేకు నొక్కి ఆపాలి, హ్యాండ్ బ్రేకు లాగాలి, తరువాత 'పి'లో పెట్టాలి, ఇంజను ఆపాలి, ఆ పిమ్మటే దిగాలి. చవకైన ఏఎంటీ కార్లు చాలావాటిలో అసలు 'పి' ఉండదు. వాటిలో హ్యాండ్ బ్రేకే ప్రధాన ఆధారం. గేరు ఏ స్థానంలో ఉంచి ఇంజను ఆపాలో కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. బంధువుల కారు అరువు తెచ్చుకున్నప్పుడు ముందుగా లివర్ పక్కన 'పి' అక్షరం ఉందో లేదో చూడండి.

నిద్రపోతున్న బిడ్డ కోసం ఏసీ నడుపుతూ ఇంజను ఆపకుండా, దుకాణంలోకి వెళ్లడం మరొక అలవాటు. మేలుకున్న బిడ్డ ముందు సీట్లోకి పాకి మొదట పట్టుకునేది లివర్‌నే. 'పి' నుండి లివర్ కదలాలంటే బ్రేకు నొక్కి ఉండాలన్న కట్టుబాటు ఆటోమేటిక్ కార్లలో ఉండడానికి ఒక కారణం ఇది. అమెరికాలో 2010 సెప్టెంబరు నుండి దీనిని ప్రతి కొత్త ఆటోమేటిక్ కారుకూ తప్పనిసరి చేశారు. ఆ చట్టం కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ అనే రెండేళ్ల బాలుని పేరు మీద ఉంది. 2002లో తండ్రి ఇంటి ముందు కారును వెనక్కు నడుపుతుండగా ఆ బాలుడు దాని కింద పడి మరణించాడు. ఆ తండ్రి స్వయంగా పిల్లల వైద్యుడు. ఆ చట్టం ఫలితంగానే 2018 మే నుండి అక్కడ కొత్త కార్లన్నిటికీ వెనుక కెమెరా వచ్చింది. మన ఇరుకు గల్లీలలో, ఫంక్షన్ హాళ్ల ఆవరణలో అబ్బా బయలుదేరుతున్నాడని తెలియగానే పిల్లలు కారు వెనుకకే పరుగెత్తుతారు. కెమెరా ఉన్నా, లేకున్నా ఒక పెద్ద మనిషి పిల్లల చేతులు పట్టుకుని కనిపించే చోట నిలబడిన తరువాతనే 'ఆర్'లో పెట్టాలి.

ఆగిన కారే మృత్యువైన ఘటనలు మన రాష్ట్రాలలో జరిగాయి. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆడుకుంటూ కారెక్కిన నలుగురు చిన్నారులు తలుపులు తెరవలేక లోపలే ఊపిరాడక మరణించారు. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి 10 నిమిషాలలోనే సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. ఇంటి ముందు నిలిపిన కారుకు కూడా తాళం వేయాలి, తాళపు చెవి పిల్లల ఆటవస్తువు కాకూడదు.

చట్టం విషయానికి వస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షను ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టు గాని, చైల్డ్ సీటు గాని లేకుండా కారులో తీసుకువెళితే 1000 రూపాయల జరిమానా. ఈ సెక్షను కింద జరిమానా కట్టిన తండ్రి మాకు ఇంతవరకు తారసపడలేదు. గల్ఫ్‌లో ఉన్న మన సోదరులకు మాత్రం ఇది కొత్త కాదు. అరబ్ ఎమిరేట్స్‌లో 2017 జూలై నుండి నాలుగేళ్ల లోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి, లేకుంటే 400 దిర్హముల జరిమానాతో పాటు నాలుగు బ్లాక్ పాయింట్లు. అక్కడ సంవత్సరమంతా బిడ్డను సీటులో కట్టి ఆటోమేటిక్ కారు నడిపిన వ్యక్తి సెలవు మీద శంషాబాద్‌లో దిగి, అర్ధరాత్రి వేళ అదే బిడ్డను భార్య ఒడిలో పెట్టి, అద్దెకు తీసుకున్న కారులో కర్నూలుకో, కరీంనగర్‌కో బయలుదేరుతున్నాడు. ప్రయాణ బడలిక, నిద్రమత్తు, ఎదురు లైట్లు, మూడు నాలుగు గంటల దారి. బిడ్డకు సీటు అన్నిటికన్నా అవసరమైన రాత్రి అది. చైల్డ్ సీటును చాలా విమాన సంస్థలు అదనపు రుసుము లేకుండా సామానుతో పాటు అనుమతిస్తాయి; టికెట్టు తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. అది కుదరకపోతే, తీసుకురావడానికి వచ్చే తమ్ముడికి బిడ్డ బరువు, ఎత్తు ముందుగానే తెలిపి, ఇక్కడ సీటు సిద్ధం చేసి పగటి వెలుతురులో కారులో బిగించి ఉంచమని చెప్పాలి. విమానాశ్రయం పార్కింగులో, సూట్‌కేసుల మధ్య, చీకటిలో ఆ కడ్డీలు చేతికి దొరకవు.