మన పాటలు ఏ ఫైల్ సిస్టంలో దాచాలి?

కన్నడలో కంప్యూటర్ ఫైల్‌ను ‘కడత’ అంటారు. మా నాన్నవైపు వాళ్లకు అది ఆఫీసు మాట. అమ్మవైపు వస్తే, తెలుగు నిఘంటువులో ‘కడితము’ అని అదే మాట ఉంది. గుడ్డకు చింతగింజల గంజి, బొగ్గుపొడి పూసి నల్లగా చేసి, మడతలు పెట్టి, బలపంతో లెక్కలు రాసుకునేవాళ్లు. లెక్క మారితే తుడిచి అదే చోట మళ్లీ రాయొచ్చు. తాళపత్రం అలా కాదు. గంటంతో గీసింది చెరగదు. మార్చాలంటే ఇంకో ఆకు తీయాల్సిందే.

లినక్స్ కంప్యూటర్లో డిస్క్‌ను ఏ ఫైల్ సిస్టంతో ఫార్మాట్ చెయ్యాలి అన్నది దాదాపు ఈ రెండింటి మధ్య ఎంపికే. మన విభాగానికి ఇప్పుడు ఆ ఎంపిక వచ్చింది. సీనియర్ అక్కలు ముళబాగిలు, శ్రీనివాసపుర వైపు ఊళ్లలో రికార్డు చేసిన దంపుళ్ల పాటలు, పెళ్లి పాటలు, ఊయల పాటలు పెట్టడానికి కొత్తగా రెండు డిస్క్‌లు తెస్తున్నారు. పాడిన అవ్వల్లో ఇద్దరు ఇప్పుడు లేరు. పాత డిస్క్‌లో ఉన్న ఒక ఊయల పాట రెండో చరణం దగ్గర కీచుమని అరిచి, కాసేపు ఆగి, మళ్లీ మొదలవుతుంది. ఇంకోచోట దాచిన కాపీ తెచ్చి చూస్తే అందులోనూ అదే కీచు. అంటే చెడిన తర్వాతే కాపీ తీశారన్నమాట. ఫైల్ పేరు, సైజు, తేదీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎప్పుడు చెడిందో కంప్యూటర్ ఒక్కసారీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు అన్నదే నాకు ముఖ్యమనిపించింది.

డిస్క్ అంటే లెక్కలేనన్ని గళ్లు. ఏ ఫైల్ ఏ గళ్లలో ఉంది, ఎవరిది, ఎంత పెద్దది అని పద్దు రాసుకునేది ఫైల్ సిస్టం. 1969లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ పుట్టినప్పటి నుంచి ఈ పద్దుకు ‘ఐనోడ్’ అని పేరు. ఫైల్ పేరు ఐనోడ్‌లో ఉండదు, డైరెక్టరీలో ఉంటుంది. మనిషి వివరాలు ఒకచోట, పిలిచే పేరు ఇంకోచోట. మా ఇంట్లో నాకు రెండు పేర్లున్నట్టు ఒకే ఫైల్‌కు కూడా రెండు పేర్లు ఉండొచ్చు.

ఈ పాత పద్ధతిలో వచ్చిన ఈఎక్స్‌టీ కుటుంబమే లినక్స్‌లో ఎక్కువగా కనిపించేది. 1993లో వచ్చిన ఈఎక్స్‌టీ2కు కరెంటు పోతే కష్టం. మళ్లీ ఆన్ చేశాక డిస్క్ మొత్తం తనిఖీ చేసుకునేది. డిస్క్ పెద్దదైతే ఆ తనిఖీ అయ్యేసరికి టీ తాగి రావచ్చు. 2001లో ఈఎక్స్‌టీ3తో ‘జర్నల్’ వచ్చింది. మన పాత షావుకార్ల భాషలో చెప్పాలంటే చిట్టా: ముందు చిట్టాలో రాసి, తర్వాత అసలు పద్దులోకి ఎక్కించడం. కరెంటు పోయినా చిట్టా చూసుకుని సర్దుకుంటుంది. 2008లో స్థిరపడిన ఈఎక్స్‌టీ4 ఇప్పుడు డెబియన్, ఉబుంటులలో మామూలుగా వచ్చేది. వేగంగా ఉంటుంది, పాత కంప్యూటర్‌నూ ఇబ్బంది పెట్టదు, పాడైతే బాగుచేసే సాధనాలు బాగా నలిగినవి.

కానీ ఆ చిట్టాలోకి మామూలుగా ఎక్కేది ఫైల్ గురించిన వివరాలు మాత్రమే, ఫైల్ లోపలి పాట కాదు. డిస్క్‌లో ఒక గడి తనంతట తాను చెడి, చదివినప్పుడు వేరే అంకెలు ఇస్తే, ఈఎక్స్‌టీ4 వాటినే మనకు అందిస్తుంది. అది దాని తప్పు కాదు. దానికి ఆ పని ఎవరూ అప్పజెప్పలేదు.

ఆ పని కొత్తవాళ్లు తీసుకున్నారు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో మొదలుపెట్టిన జడ్‌ఎఫ్‌ఎస్ ఒకటి. ఒరాకిల్‌లో ఉండగా క్రిస్ మేసన్ 2007లో మొదలుపెట్టిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఇంకొకటి. 2009లో ఇది లినక్స్ కెర్నెల్‌లో చేరింది. (వీటిని ఇంకా ‘కొత్తవి’ అంటున్నారు. నాకూ వీటికీ దాదాపు ఒకే వయసు.) ఇవి తాళపత్రం పద్ధతి. ఉన్నదాని మీద రాయవు. మారిన భాగాన్ని ఖాళీ చోట రాసి, అది పూర్తయ్యాకే ‘ఇక ఇదే అసలు’ అని గుర్తు మారుస్తాయి. పాత ఆకులు పారెయ్యకుండా ఉంచుకుంటే నిన్నటి స్థితి మొత్తం చేతికొస్తుంది, దాన్ని స్నాప్‌షాట్ అంటారు.

అంతకంటే మనకు కావాల్సింది చెక్‌సమ్. దీన్ని మన తెలుగు క్లాసులోనే సులువుగా అర్థం చేసుకోవచ్చు. వచనం నకలు రాసేవాడు ఒక అక్షరం జారవిడిస్తే చాలాసార్లు ఎవరికీ తెలియదు. ఉత్పలమాలలో జారవిడిస్తే భ ర న భ భ ర వ కుదరదు, 20 అక్షరాల పాదం 19 అవుతుంది. మూలం చూడకుండానే తప్పు పట్టెయ్యొచ్చు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రాసే ప్రతి చిన్న ముక్కకూ ఇలా ఒక లెక్క కట్టి వేరే చోట పెట్టుకుంటుంది. చదివేటప్పుడు మళ్లీ లెక్క కడుతుంది. కుదరకపోతే చెడిన పాటను వినిపించదు, లోపం ఉందని చెప్తుంది.

అయితే గణం తప్పిందని తెలిసినంత మాత్రాన జారిన అక్షరం ఏదో తెలియదు కదా! దానికి ఇంకో ప్రతి కావాలి. ఒక్క డిస్కే ఉంటే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పాట చెడిందని చెప్తుంది, దిద్దలేదు. రెండు డిస్క్‌లను జంటగా పెడితే రెండోదాని నుంచి మంచి ముక్క తెచ్చి చెడినచోట రాస్తుంది. ఈఎక్స్‌టీ4నూ రెండు డిస్క్‌ల మీద జంటగా నడపొచ్చు. కానీ రెండు ప్రతులు తేడా వస్తే ఏది సరైనదో తేల్చే లెక్క దాని దగ్గర లేదు.

కొత్తవాటితో చిక్కులు లేవా అంటే, ఉన్నాయి. డేటాబేస్‌లా ఒకే ఫైల్ రోజంతా మారుతుంటే ఆకులు చెల్లాచెదురై వేగం తగ్గుతుంది. డిస్క్ నిండిపోతే సతాయిస్తాయి. జడ్‌ఎఫ్‌ఎస్ లైసెన్స్ లినక్స్ లైసెన్స్‌తో పొసగక కెర్నెల్ బయటే ఉండిపోయింది, విడిగా చేర్చుకోవాలి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో రెయిడ్ 5, రెయిడ్ 6 అనే అమరికలు ఇప్పటికీ నమ్మదగ్గవి కావు. రెడ్ హ్యాట్ దాన్ని 8వ వెర్షన్ నుంచి తీసేసింది. ఫెడోరా మాత్రం 2020లో డెస్క్‌టాప్‌కు దాన్నే ఎంచుకుంది. పెద్దవాళ్లకే ఏకాభిప్రాయం లేదు.

నా అభిప్రాయం మేడమ్‌కు చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను. ఆపరేటింగ్ సిస్టం ఉన్న డిస్క్ ఈఎక్స్‌టీ4లోనే ఉండనివ్వాలి. అది పోతే ఒక మధ్యాహ్నంలో మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటాం. పాటలు మాత్రం రెండు కొత్త డిస్క్‌ల మీద బీటీఆర్‌ఎఫ్‌ఎస్ జంటగా పెట్టాలి. ఒకసారి ఎక్కించాక వాటిని మార్చేదే లేదు కాబట్టి వేగం గురించి బెంగ అక్కర్లేదు. నెలకోసారి ‘స్క్రబ్’ నడిపితే అన్ని ముక్కల లెక్కా సరిచూస్తుంది. స్నాప్‌షాట్ ఉంది కదా అని మూడో కాపీ మానకూడదు. స్నాప్‌షాట్ ఉండేది కూడా అదే డిస్క్‌ల మీద. మూడో కాపీ ఇంకో బిల్డింగ్‌లో ఉండాలి. దాన్ని విండోస్‌లో తెరవాలంటే ఎక్స్‌ఫ్యాట్ పెట్టాలి, అందులో పాట చెక్‌సమ్ ఉండదు. అందుకని ‘ఎస్‌హెచ్‌ఏ256సమ్’ అనే కమాండ్‌తో ప్రతి ఫైల్ లెక్కా ఒక జాబితాగా తీసి పక్కనే ఉంచుదాం.

ఒక్క విషయం ఏ ఫైల్ సిస్టమూ చెయ్యలేదు. కీచుమనే ఊయల పాటను కొత్త డిస్క్‌లోకి ఎక్కిస్తే అది ఆ కీచుకే లెక్క కట్టి, ఆ కీచునే భద్రంగా కాపాడుతుంది. కాబట్టి ఎక్కించే ముందు ప్రతి రికార్డింగ్‌నూ ఎవరో ఒకరు మొదటి నుంచి చివరిదాకా వినాలి. పేర్ల జాబితా ఈ కాగితం కింద అతికించాం. మీరు వినగలిగిన పాట పక్కన మీ పేరు రాయండి, హెడ్‌ఫోన్స్ తెచ్చుకోండి. ఆ ఊయల పాట మొదటిసారి రికార్డు చేసిన ఫోన్ ఎవరి ఇంట్లో అయినా పెట్టెలో పడి ఉంటే, పాత డిస్క్‌ను ఫార్మాట్ చేసేలోపు తెచ్చివ్వండి. స్క్రీన్ పగిలి ఉన్నా ఫర్వాలేదు.