ఇమ్యునోథెరపీ రోగికి విరేచనాలైతే వంటింటి వైద్యం వద్దు

క్యాన్సరు రోగులు పథ్యం అడగడానికి నా వద్దకు రావడం కొత్త కాదు. కీమోథెరపీ వలన కలిగే వాంతులకు, నోటిపూతకు, అరుచికి ఏమి తినాలో తెలుసుకొని వెళ్లేవారు. ఇటీవల కొందరు మరొక మాట చెబుతున్నారు: "మాది కీమో కాదండీ, ఇమ్యునోథెరపీ. జుట్టు కూడా రాలదట, దుష్ఫలితాలు తక్కువట." ఈ మాటలో సగమే నిజం. మిగిలిన సగం ఇంట్లో వారికి తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

మన రక్తంలోని టి కణాలు శరీరానికి కావలివాళ్లు. వాటి ఉగ్రత సొంత అవయవాలపై పడకుండా ప్రకృతి వాటికి కళ్లెం వేసింది. క్యాన్సరు కణాలు ఆ కళ్లేన్నే పట్టుకొని కావలివాళ్లను నిలిపివేస్తాయి. ఈ రహస్యాన్ని ఛేదించిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి లభించింది. కళ్లెం విడిపించే మందులలో మొదటిదైన ఇపిలిముమాబ్‌కు 2011లో అమెరికాలో అనుమతి దొరికింది. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ 2014లో వచ్చాయి. మెలనోమా, ఊపిరితిత్తుల క్యాన్సరు ముదిరి ఆశ వదులుకున్నవారిలో కొందరు ఈ మందులతో ఏళ్ల తరబడి జీవిస్తున్నారు. ఆ మేలును నేను తక్కువ చేసి చెప్పను.

అయితే కళ్లెం లేని కణాలు క్యాన్సరుతోనే ఆగవు. చర్మం, పెద్దప్రేగు, కాలేయం, థైరాయిడ్, ఊపిరితిత్తులు, అరుదుగా గుండె కూడా వాటి దాడికి లోనవుతాయి. ఈ బాధ ఇంజెక్షన్ ఇచ్చిన మర్నాడే రావాలని లేదు. వారాల తరువాత, నెలల తరువాత, ఒక్కొక్కప్పుడు చికిత్స ముగిసిన పిమ్మట కూడా తలెత్తుతుంది.

గత సంవత్సరం ఒక గృహిణి తన భర్త కోసం వచ్చింది. "మూడు రోజులుగా రోజుకు ఏడెనిమిది సార్లు వెళ్తున్నారండీ. దానిమ్మ తొక్క కషాయం ఇచ్చాను, మారేడు గుజ్జు పెట్టాను. కట్టుకోవడం లేదు. కుటజారిష్టం వ్రాసివ్వండి" అన్నది. ఏ మందులు వాడుతున్నారని అడిగితే ఆసుపత్రి కాగితాలు చూపింది. మూడు వారాలకొకసారి పెంబ్రోలిజుమాబ్. నేను కుటజారిష్టం వ్రాయలేదు. నా ఎదుటనే క్యాన్సరు వైద్యునికి ఫోను చేయించి, ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్పించాను. ప్రేగు శోథ అని తేలింది. స్టెరాయిడ్‌తో క్రమంగా నెమ్మదించింది.

ఇది అజీర్ణం కాదు, కలుషితాహారం వలన కలిగిన అతిసారమూ కాదు. రోగి రక్షక కణాలే ప్రేగు గోడను తినివేస్తున్నాయి. అశ్రద్ధ చేస్తే ప్రేగుకు రంధ్రం పడవచ్చు. కట్టుడు మందు వేస్తే విరేచనాల సంఖ్య తగ్గి, లోపలి వ్యాధి మరుగున పడుతుంది. ఆమాతిసారంలో ఆరంభంలోనే స్తంభనౌషధం ఇవ్వరాదని మన శాస్త్రం కూడా హెచ్చరిస్తుంది. రోజూ వెళ్లేదానికన్నా నాలుగు సార్లు ఎక్కువైనా, రక్తం పడినా, కడుపునొప్పి తోడైనా తెల్లవారేదాకా ఆగకండి. వెళ్లేలోగా ఓఆర్ఎస్ నీళ్లు త్రాగించండి, చాలు.

స్టెరాయిడ్ పేరు వినగానే మన ఇళ్లలో గుండె జారిపోతుంది. ఆయుర్వేదం మీద మక్కువ గలవారికి ఈ భయం మరీ ఎక్కువ. ఈ వ్యాధిలో మాత్రం అదే ప్రాణరక్షకం. తీవ్రతను బట్టి శరీర బరువులో కిలోకు 1 నుండి 2 మిల్లీగ్రాముల చొప్పున ప్రెడ్నిసలోన్ ఇచ్చి, 4 నుండి 6 వారాలలో, అవసరమైతే మరింత కాలంలో, మెల్లగా తగ్గిస్తారు. కడుపు కుదుటపడింది కదా అని మధ్యలో మానివేస్తే శోథ తిరగబెడుతుంది.

ఇక తిప్పతీగ. 2020లో కరోనా వచ్చిన నాటి నుండి ఇది ఇంటింటి మందయింది. దీనిని సేవించిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని ముంబాయి వైద్యులు 2021లో ప్రకటించారు. 2022లో పలు ఆసుపత్రులు కలిసి 43 మంది వివరాలు వెల్లడించాయి. వారు వాడినది అసలు తిప్పతీగేనా అని ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రశ్నించింది. నేను తిప్పతీగను నలభై ఏళ్లుగా వాడుతున్నవాడిని, ఆ వివాదంలోకి పోను. ఇమ్యునోథెరపీ రోగి విషయం వేరు. కళ్లెం విప్పిన కణాలకు "రోగనిరోధక శక్తి" పేరిట మరొక అదిలింపు దేనికి? పైగా కాలేయ పరీక్షలు చెడితే తప్పు ఏ మందుదో తేలక, ప్రాణం నిలుపుతున్న చికిత్సనే ఆపవలసి రావచ్చు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు, ఈ రోగులలో థైరాయిడ్ మొదటే తడబడుతుంది. క్యాన్సరు వైద్యుడు సరేనంటే తప్ప ఈ రెండింటినీ నేను వీరికి ఇవ్వను.

పొడి దగ్గుతో ఆయాసం, కళ్లు పచ్చబడడం, విడువని తలనొప్పి, విపరీతమైన దాహం, నిలబడితే కళ్లు తిరగడం, గుండెలో నొప్పి, కనురెప్పలు వాలిపోవడం: వీటిలో ఏది కనిపించినా కషాయం కాచుతూ కూర్చోరాదు. మందు పేరు, చివరి ఇంజెక్షన్ తేదీ, ఆసుపత్రి ఫోను నంబరు ఒక చీటీపై వ్రాసి రోగి జేబులో ఉంచండి. పంటి నొప్పికి వెళ్లినా, నావంటి వైద్యుని వద్దకు వచ్చినా మొదట ఆ చీటీ చూపించండి. చికిత్స పూర్తయి ఏడాది గడిచినా దానిని పారవేయకండి.