ఇంటర్వ్యూకి ముందు ఓసారి పెనుకొండ ఎక్కండి

బీటెక్ అయిన కొత్తలో ఓ ఇంటర్వ్యూలో ‘మీ ప్రాంతం గురించి చెప్పండి’ అన్నారు. నా నోట ఒకటే మాట వచ్చింది: కరువు. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. ఉద్యోగం రాలేదు. (కోడింగ్ రౌండ్ కూడా అంతంతమాత్రమే లెండి.) ఆ ప్రశ్నకు జవాబు నాకు పెనుకొండ మీద దొరికింది.

కరువు అబద్ధం కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలే పిండేసుకుంటాయి, ఈశాన్యపు మబ్బులు మన దాకా వచ్చేసరికి నీరసిస్తాయి. వేరుశనగ పోతే బెంగళూరు బస్సెక్కడమే.

కానీ కొండెక్కి చూడండి. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్నది ఇక్కడికే. కింద గగన్ మహల్, బాబయ్య దర్గా, పార్శ్వనాథుడి బసది; పైన బురుజులు, గుండ్లు, ముళ్లపొదలు. ఉత్తరాన 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఎర్రమంచి. అక్కడే కియా ఫ్యాక్టరీ. 2017లో ఒప్పందం, 2019లో మొదటి సెల్టోస్. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సామర్థ్యం. ఆ ఫ్యాక్టరీకి నీళ్లు గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి. ఆ రిజర్వాయర్‌కు హంద్రీ-నీవా కాలువ మీదుగా శ్రీశైలం కృష్ణా జలాలు. అంటే వాన పడని చోటికి నీళ్లు ఎత్తిపోస్తేనే ఫ్యాక్టరీ వచ్చింది. ఈ గొలుసు మొత్తం చెప్పగలిగితే అదే మంచి జవాబు.

ఇక అసలు సంగతి. కార్ల ఫ్యాక్టరీ అంటే బీటెక్ వాళ్లకే అనుకోకండి. ప్రెస్, బాడీ, పెయింట్, అసెంబ్లీ షాపుల్లో ఐటీఐ, డిప్లొమా వాళ్లకే పని ఎక్కువ. వెల్డింగ్ రోబోలు చేస్తాయి కాబట్టి పీఎల్‌సీ, సెన్సర్లు, మెయింటెనెన్స్ తెలిసినవాళ్లకు విలువ. ఆఫర్ వస్తే ఒకటి మాత్రం తప్పక అడగండి: జీతం ఇచ్చేది కంపెనీయా, కాంట్రాక్టరా? నా మిత్రుల్లో కొందరు చేరాక గానీ ఈ తేడా తెలుసుకోలేదు.

కొండకు నవంబరు నుంచి జనవరి మధ్య వెళ్లండి, తెల్లవారకముందే మొదలుపెట్టండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు. బెంగళూరు–ధర్మవరం లైన్‌లోనే పెనుకొండ స్టేషన్ ఉంది. తొమ్మిదిన్నరకల్లా దిగిపోండి, బండ కాలడం మొదలవుతుంది.