మీకు తెలుసా? అండమాన్‌లో ఖాళీ సీసా కూడా ఓడ ఎక్కాలి

• విశాఖ రేవు నుంచి శ్రీవిజయపురానికి (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) సముద్రం మీద దాదాపు 1,200 కిలోమీటర్లు. పప్పులూ సబ్బులూ బిస్కెట్లూ చాలావరకు ఓడల్లోనే వస్తాయి. సరుకు ఖర్చయిపోతుంది, కవరు దీవిలో ఉండిపోతుంది. దాన్ని కరిగించి కొత్త వస్తువు చేయాలంటే సాధారణంగా మళ్లీ మెయిన్‌లాండ్‌కే పంపాలి. అందుకే ఇక్కడి బడిలో రీసైక్లింగ్ పాఠం ‘ఈ కవరు మనకు అవసరమా?’ అన్న ప్రశ్నతోనే మొదలవ్వాలని నా గట్టి నమ్మకం.

• 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ప్రభుత్వ బడుల్లో తెలుగు మాధ్యమమూ ఉంది. అంటే ఈ పాఠం మన భాషలో చెప్పాల్సిన పిల్లలు ఇక్కడ బోలెడంత మంది.

• గ్రేట్ నికోబార్ తీరంలో దొరికిన ప్లాస్టిక్ సీసాలను పరిశోధకులు పరిశీలిస్తే ఎక్కువ భాగం విదేశాలవే. మలేసియావి అన్నిటికన్నా ఎక్కువ. ఈ పరిశోధన పని పిల్లలూ చేయగలరు. కొట్టుకొచ్చిన సీసాను చేతిలోకి తీసుకుని బార్‌కోడ్‌లో మొదటి మూడు అంకెలు చూడమనండి: 955 అయితే మలేసియాలో నమోదైన కంపెనీ, 899 ఇండోనేసియా, 885 థాయ్‌లాండ్, 890 మన దేశం. అడుగున త్రిభుజంలో 1 అని ఉంటే అది పెట్ ప్లాస్టిక్. తర్వాత బకెట్ నీళ్లలో వేయండి. మూత బిగించిన సీసా తేలుతుంది. మూత తీసి నీళ్లు నింపితే మునుగుతుంది, ఎందుకంటే పెట్ నీటికన్నా బరువు. మూత మాత్రం వేరే రకం ప్లాస్టిక్, తేలుతూనే ఉంటుంది. తీరంలో ఒంటరి మూతలు అన్ని ఎందుకు కనిపిస్తాయో పిల్లలు తామే చెప్పేస్తారు.

• డిగ్లీపూర్ దగ్గర కాలీపూర్ తీరంలో నాలుగు జాతుల సముద్ర తాబేళ్లు గుడ్లు పెడతాయి. వాటిలో లెదర్‌బ్యాక్ తాబేలుకు జెల్లీఫిష్ ఇష్టమైన తిండి. నీటిలో తేలే ప్లాస్టిక్ సంచి దాని కంటికి జెల్లీఫిష్‌లాగే కనిపిస్తుంది.

• ఈ దీవుల టీచర్ల కోసమే ‘ట్రెజర్డ్ ఐలాండ్స్’ అనే పర్యావరణ పుస్తకం ఉంది. కల్పవృక్ష సంస్థ, వండూరులోని అండమాన్ నికోబార్ పర్యావరణ బృందం కలిసి తెచ్చాయి. పాఠం పిల్లల పెరట్లోని మడ అడవి నుంచే మొదలవ్వాలి కదా! ప్రతి రాష్ట్రానికీ ఇలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండును.

• అండమాన్ ఆదిమవాసులు ఓడల వాళ్లు పారేసిన గాజు సీసాలను చిన్న పెచ్చులుగా కొట్టి, క్షవరానికి కత్తులుగా వాడేవారు.

• ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోట ఎండాకాలంలో నీటి కటకట! రాజధానికి తాగునీరిచ్చే ధనిఖారి జలాశయం ఆ రోజుల్లో అడుగంటుతుంది. మరి 100 చదరపు మీటర్ల బడి పైకప్పు మీద పడే వానను పట్టుకుంటే? ఒక్క మిల్లీమీటరు వానకు 100 లీటర్లు, ఏడాదికి 3 లక్షల లీటర్లు. ఐదో తరగతి పిల్లలు పలక మీద వేయగల లెక్క ఇది.