ఇన్సులిన్ ఇస్తున్నారా... సిరంజీ మీద అంకె చూశారా?

వార్డు డ్యూటీలో ఉన్నారు. కేస్‌షీట్‌లో ఇన్సులిన్ 20 యూనిట్లు అని ఉంది. మీరు సిరంజీలో 20 గీత దాకా మందు లాగారు. డోసు సరిపోయినట్టేనా? కాకపోవచ్చు.

మన దగ్గర ఇన్సులిన్ వయల్స్ రెండు రకాల బలంతో వస్తాయి. ఒకదాంట్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, ఇంకోదాంట్లో 100. సిరంజీలూ అంతే. ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. జత తప్పిందనుకోండి... 100 వయల్ నుంచి ఎర్ర మూత సిరంజీతో 20 గీత దాకా లాగితే వచ్చేది అర మిల్లీలీటరు. అంటే 50 యూనిట్లు! అదే 40 వయల్‌కి నారింజ మూత సిరంజీ వాడితే రోగికి అందేది 8 యూనిట్లే. నమ్మకం కుదరకపోతే కాగితం మీద లెక్క వేసి చూడండి. మూత తీసి పక్కన పెట్టాక రంగు గుర్తుండదు కాబట్టి సిరంజీ మీది అంకెనూ, వయల్ మీది అంకెనూ కలిపి చదవాలి. ఇన్సులిన్ రకాల పట్టిక బట్టీపట్టడం కంటే ఇదే ముఖ్యం.

రాసేటప్పుడు 'యూనిట్స్' అని పూర్తిగా రాయండి. ఇంగ్లిష్ 'యు' ఒక్కటే రాస్తే హడావుడి చేతిరాతలో సున్నాలా కనిపిస్తుంది. 4 కాస్తా 40 అయిపోతుంది.

ఇంజెక్షన్‌కు ముందే షుగర్ రీడింగ్ చూడండి. రోగికి భోజనం వచ్చిందా, వాంతులవుతున్నాయా, ఏదైనా పరీక్ష కోసం పస్తు ఉంచారా అని అడగండి. ఇచ్చాక చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే వెంటనే గ్లూకోమీటర్ తీయాలి. 70 కంటే తక్కువ ఉండి, రోగి స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కంగారులో బంధువులు చక్కెర నీళ్లు పోయబోతారు, ఆపాల్సింది మీరే. వెంటనే డాక్టర్ని పిలవాలి. సిరలోకి డెక్స్‌ట్రోజ్ ఇవ్వాల్సి ఉంటుంది. రాత్రి షిఫ్టులో మరీ జాగ్రత్త. పెద్దవాళ్లు గాఢనిద్రలో ఉన్నారనుకుని వదిలేస్తుంటారు.

పొటాషియం క్లోరైడ్ సంగతీ ఇలాంటిదే. ఆంప్యూల్ నుంచి నేరుగా సిరలోకి తోస్తే గుండె ఆగిపోవచ్చు. సెలైన్‌లో బాగా కలిపి, నెమ్మదిగానే ఎక్కించాలి. మూత్రం సరిగా వస్తోందా అనేది ముందే చూడాలి.

ఈ రెండు మందులకూ ఇంకొకరి కన్ను తప్పనిసరి. సీనియర్లు 'ఇచ్చేయమ్మా, ఏం కాదు' అన్నా సరే, వయల్, సిరంజీ రెండూ చేతిలో పట్టుకెళ్లి 'సిస్టర్, ఒక్కసారి మీరూ చూడండి' అనండి.